నిధి కాపాడిన పిల్ల

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను అన్నం తిని కంచం కడుక్కుంటుండగా, మా సంఘం వాళ్లిద్దరు తెనాలి మారీసుపేటలోని మా ఇంటికొచ్చారు. ఒకాయన సంఘం కార్యదర్శి. రెండో ఆయన కొత్తగా వచ్చిన చిన్న పాస్టరు. పరదేశి సహాయ నిధి మీద సావనీరు వేస్తున్నారట, అందులో నన్నొక వ్యాసం రాయమన్నారు. "మీ నాన్నగారే కదండీ ఆ నిధికి మొదటి కార్యదర్శి. నిధి కాపాడిన పిల్ల మీ ఇంట్లోనే పెరిగిందట కదా. రెండు పేజీలు చాలండి, నాలుగు మంచి మాటలు," అన్నాడు కార్యదర్శి. కాగితాల్లేక దేశం దాటించే ప్రమాదంలో పడ్డ కుటుంబాలకి వకీళ్లను పెట్టడానికి ఇప్పటికీ చందాలు పోగుచేస్తున్నామని చిన్న పాస్టరు చెప్పాడు. ఆ కుర్రాడి మొహంలో కపటం లేదు. అందుకే నేను నోరు చేసుకోలేదు. "రాస్తాను గానీ మంచి మాటలు రాయను," అన్నాను. కార్యదర్శి అది వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆ నవ్వు చూశాక నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. ఇది ఆ వ్యాసం కాదు. వాళ్లు వేసుకోరు కనక నా పుస్తకంలోనే రాసుకుంటున్నాను. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు చెప్పినదాన్ని, ఎంతమంది పిల్లల చేత ఎన్ని అబద్ధపు వ్యాసాలు రాయించానో నాకు తెలుసు. ఇదైనా నిజం రాద్దామని.

అప్పట్లో మా ఇల్లంటే రెండు గదులు, ఒక వంటపాక, ముందు పొడుగాటి వరండా. నాన్న పేరు యేసుపాదం. ఊళ్లో పేరున్న ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆయన ఒంటి మీద బంక వాసన, కార్బన్ కాగితాల వాసన. వేళ్ల కొసలు నీలంగా ఉండేవి. చొక్కా మేకుకి తగిలించి, రెండు చెంబుల నీళ్లు కాళ్ల మీద పోసుకుని, వరండాలో చాప పరుచుకుని మళ్లీ కాగితాలు ముందేసుకునేవాడు. ఆయన దస్తూరీ అచ్చు గుద్దినట్టుండేది. జడ్జీలు కూడా మెచ్చుకునేవారని అమ్మ అందరికీ చెప్పేది. చెప్పి, "దస్తూరీ వండుకు తింటామా" అని కూడా అనేది. నాన్న అలవాట్లలో ఒకటి నాకు చిన్నప్పట్నుంచీ నచ్చేది కాదు. తనకన్నా కాస్త పెద్దవాడు గుమ్మంలోకొస్తే చాలు లేచి నుంచునేవాడు, వాళ్లు కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. సొంత ఇంట్లో, సొంత వరండాలో, గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నుంచున్న మా నాన్న నాకిప్పటికీ కనపడతాడు. దాన్ని అందరూ మర్యాద అనేవారు.

అమ్మ తెల్లారకముందే లేచి పొయ్యి రాజేసేది. ఎసట్లో బియ్యం పడేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. బియ్యం సంగం జాగర్లమూడి నించి మా మేనమామ పంపేవాడు. వాటిలో రాళ్లు ఏరుతూ ఆయన్ని తిట్టడం అమ్మకి ఒక కాలక్షేపం. శనివారం వస్తే బట్టలకి గంజి పెట్టేది, బొగ్గుల ఇస్త్రీపెట్టె వేడెక్కేది, ఆదివారం గుడికి కట్టుకునే బట్టలు దండెం మీద వరసగా వేలాడేవి. గంజి వాసన, బొగ్గుల వాసన కలిస్తే నా ముక్కుకి ఇప్పటికీ శనివారమే. అమ్మలో దయ ఉండేది. కానీ అది నోటిదాకా వచ్చేసరికి విసుగైపోయేది. ముష్టివాడికి గిన్నెడు అన్నం పెట్టి, వాడు తింటున్నంతసేపూ వాడి సోమరితనం గురించి వాడికే చెప్పేది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, వానలు మొదలైన రోజుల్లో, ఒక సాయంత్రం నాన్న వెనకాల ఒక ఆడమనిషి, నా ఈడు పిల్ల వచ్చారు. ఆమె లుంగీ లాంటి పూల గుడ్డ చుట్టుకుని, పొడుగు చేతుల తెల్ల రవికె వేసుకుంది. చెంపల మీద పసుప్పచ్చటి పూత. పిల్ల మామూలు పరికిణీలోనే ఉంది, చేతిలో రేకు పెట్టె. "రేపల్లె బండి తప్పిపోయింది. పొద్దున్నే వెళ్లిపోతారు," అన్నాడు నాన్న, అమ్మ కళ్లలోకి చూడకుండా. ఇద్దరూ కలిసి మా ఇంట్లో పదకొండు నెలలున్నారు.

ఆమె పేరు మా ఖిన్. మా అంటే బర్మా భాషలో అక్క లాంటి మాటట. "మా ఖిన్ ఏంటి, మనది ఎప్పుడైంది," అని అమ్మ మొదటి పూటే అంది. ఆమె మొగుడు రేపల్లె మనిషి. కుర్రతనంలోనే రంగూన్ వెళ్లి బియ్యం మిల్లులో పనిచేసి, అక్కడి పిల్లని చేసుకున్నాడు. అక్కడ మనవాళ్లను ఉండనివ్వని రోజులొచ్చినప్పుడు పెళ్లాన్నీ కూతుర్నీ వెంటబెట్టుకుని సొంతూరికి వచ్చేశాడు. ఆయనకి ఈ దేశం పాస్‌పోర్టు ఉంది. ఆమెకి లేదు. ఆమె ఇక్కడ ఉండాలంటే ఏడాదికోసారి పర్మిట్టు రాయించుకోవాలి. ఆయన తిరిగినన్నాళ్లు తనే వెళ్లి రాయించాడు. మంచాన పడ్డ ఏడాది రాయించలేదు. ఆయన పోయి మూడు నెలలు కాకముందే పై ఆఫీసుకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది, ఫలానా ఇంట్లో పర్మిట్టు లేని బర్మా మనిషి ఉందని. రాసిందెవరో రేపల్లెలో అందరికీ తెలుసు, ఆమె మరిదే. ఇంటి స్థలం అన్నదమ్ములిద్దరిదీ. తల్లీ కూతుళ్లు వెళ్లిపోతే మొత్తం అతనిదే. దేశం విడిచి పొమ్మని ఇద్దరికీ నోటీసు వచ్చింది. కూతురు నీలార్ కూడా రంగూన్‌లోనే పుట్టింది కనక ఆమె కూడా పరాయిదే అన్నారు. ఆ నోటీసు పట్టుకుని రేపల్లె నించి తెనాలి వచ్చి, ఎవరో చెబితే మా ప్లీడరు గారి అరుగు మీద కూర్చుంది. మధ్యాహ్నం నించి సాయంత్రం దాకా కూర్చుంది. ఆయన గుమాస్తాకి జాలేసింది.

మా ఖిన్ తెలుగు బాగానే మాట్లాడేది, కానీ రంగూన్ మిల్లు లైన్లలో నేర్చిన తెలుగు. ఆ కూలీల మధ్య మీరు అన్న మాట ఎవరూ వాడలేదేమో, ఆమెకి రాదు. ప్లీడరు గారిని నువ్వు అనేది, పాస్టరు గారిని నువ్వు అనేది, పోస్టుమాన్‌నీ నువ్వు అనేది. నాన్న నేర్పబోతే, "నువ్వు అంటే తిట్టా?" అని నిజంగానే అడిగింది. పని మాత్రం రాక్షసిలా చేసేది. అమ్మ లేచేసరికి నీళ్లు తోడి, వాకిలి ఊడ్చి ఉండేది. అది కూడా అమ్మకి నచ్చలేదు. "నా ఇంట్లో నన్ను చుట్టాన్ని చేస్తోంది," అనేది. నిజాంపట్నం ఎండు రొయ్యలు తెప్పించి, పెరట్లో రోట్లో మిరపకాయలతో దంచి, సీసాలో కుక్కి ఎండలో పెట్టేది. ఆ వాసనకి వీధి వీధంతా ముక్కు మూసుకునేది. ఎండుచేప లేనిదే ముద్ద దిగని ఇళ్లవి. అయినా రంగూన్ వాసన అని పేరు పెట్టారు. బళ్లో నీలార్‌ని సున్నం మొహం అన్నారు. మా క్లాసులో ఆ పేరు మొదట పెట్టింది నేను కాదు. రెండోసారి అన్నది నేనే. నా మంచం మీద నాతోబాటు ఆమెని పడుకోబెట్టారు. నాకు పద్నాలుగేళ్లు. నా దిండు సగమైపోయింది, నా నాన్న సగమైపోయాడు. ఇంట్లో అందరం ఆమెని నీల అన్నాం. ఆ పేరు నోటికి తేలికని అన్నాం, ప్రేమతో కాదు.

ప్లీడరు గారు కాగితాలు చూసి తేల్చింది ఇది. కూతురి సంగతి తండ్రి పాస్‌పోర్టుతో ఇక్కడే నెగ్గించవచ్చు, అది తను ఊరికే చేస్తానన్నారు, చేశారు కూడా. తల్లి సంగతి మాత్రం హైదరాబాదు హైకోర్టులోనే తేలాలి. అక్కడ నోటీసు మీద స్టే తెచ్చుకుని, ఆ లోపల ఈ దేశస్థుడి భార్యగా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలి. అందుకు అక్కడ ఒక పెద్ద వకీలు కావాలి. గుమాస్తా జీతంతో అయ్యే పని కాదు. నాన్న మా సంఘపెద్ద దేవసహాయం గారి దగ్గరికి వెళ్లి, నుంచునే, సంగతంతా చెప్పాడు.

దేవసహాయం గారు రిటైరైన హెడ్మాస్టరు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. ఆయన చెడ్డవాడని ఊళ్లో ఎవరూ అనలేదు. నేను అంటున్నాను. మంచివాడినని అందరూ చూస్తే తప్ప మంచి చెయ్యలేని మనిషిని ఇంకేమనాలో నాకు తెలీదు. ఆ ఆదివారమే పరదేశుల మీద ప్రసంగం చేయించి, నిధి పెట్టించి, మా నాన్నని కార్యదర్శిని చేశాడు. డబ్బు మాత్రం తన దగ్గరే. నెలకో ఆదివారం ఆరాధన అయ్యాక చందా పట్టేవారు. పట్టేటప్పుడు మా ఖిన్, నీల తెల్లబట్టలు కట్టుకుని కానుకల బల్ల పక్కన నుంచోవాలి. అది రూలని ఎవరూ అనలేదు. "జనం చూస్తే చెయ్యి జేబులోకి తేలిగ్గా వెళుతుందయ్యా," అన్నాడట నాన్నతో. నిజమే, వెళ్లింది. మొదటి వాయిదాకి వకీలు వెళ్లాడు, స్టే వచ్చింది. ఆ కబురు వచ్చిన రోజు మా ఖిన్ బెల్లం వేసి కొబ్బరన్నం వండి వీధిలో అన్ని ఇళ్లకీ పంచింది. సగం ఇళ్లవాళ్లు గేదెకి పెట్టారు.

బల్ల పక్కన నుంచున్నప్పుడు నీల మొహం నేను చూసేదాన్ని. నేల వంక చూసేది కాదు, జనం వంకా చూసేది కాదు. ఎదురుగా గోడ మీద గడియారం వంక చూసేది. ఒకసారి బయటికొచ్చాక, "ఇవాళ పదకొండు నిమిషాలు," అంది నాతో. అర్ధసంవత్సర పరీక్షల్లో ఆమెకి లెక్కల్లో క్లాసులో మొదటి మార్కు, నాకు ఎప్పటిలాగే అత్తెసరు. నాన్న రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, "నీలని చూసి నేర్చుకోమ్మా," అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో. కొట్టినా బాగుండేది.

వేసవి ముందు ఒక శనివారం మా ఖిన్ నాన్నని అడిగింది. రేపల్లె రైలు దారిలో భట్టిప్రోలు వస్తుంది, అక్కడ బుద్ధుడి దిబ్బ ఉందని నీల పాఠంలో చదివింది. "నేను ఎనిమిదేళ్లు ఆ రైల్లో తిరిగాను. ఆ దిబ్బ మా దేవుడిదని ఎవరూ చెప్పలేదు. ఒక్క ఆదివారం వెళతా," అంది. మర్నాడు నుంచునే ఆదివారం. నాన్న చాలాసేపు గోరు కొరుక్కున్నాడు. చివరికి, "వెళ్లి రండి. ఎవరన్నా అడిగితే జ్వరం అందాం," అన్నాడు. తోడుగా నన్ను పంపాడు. ఇంత చిన్న ధైర్యం చెయ్యడానికి కూడా మా నాన్నకి ఒక అబద్ధం అవసరమైంది.

ఆ రోజు గురించి నిజం చెప్పాలంటే, ఆ ఏడాదంతటిలో నేను సంతోషంగా ఉన్న రోజు అదొక్కటే. స్టేషను నించి నడిచి వెళ్లాం. దిబ్బ అంటే ఇటికల కుప్ప, దాని మీద గడ్డి, రెండు మేకలు. మా ఖిన్ చెప్పులు విడిచి, పమిట లేదు కనక తువ్వాలు భుజం మీద వేసుకుని, ఆ ఎండలో మోకాళ్ల మీద కూర్చుని మూడుసార్లు నేలకి నుదురు ఆనించింది. ఆ తర్వాత ఏడ్చింది. మొగుడు పోయినందుకు ఆమె ఏడవడం మేమెవ్వరం చూడలేదు. అప్పుడు ఏడ్చింది. తర్వాత చింతచెట్టు కింద కూర్చుని కొబ్బరన్నం తిన్నాం. ఆమె తన పెట్టెలోని చెక్కముక్కని చిన్న రాతి మీద అరగదీసి, ఆ చల్లటి పూత నా చెంపలకి కూడా రాసింది. "ఎండకి మంచిది. నువ్వు నల్లబడుతున్నావు," అంది. మా అమ్మ నా మొహం అంతసేపు పట్టుకుని ఎప్పుడూ చూడలేదు. తిరుగు రైల్లో నీల కిటికీ పక్కన కూర్చుని, ఏదో ఆలోచిస్తూ నన్ను అడిగింది. "లెక్క అర్థం కాకపోయినా నువ్వు అర్థమైనట్టు తలూపుతావు కదా. ఎందుకు?" ఎగతాళి కాదది, తెలుసుకోవాలని అడిగింది. నేను చెంపలు చీరకొంగుకి, అదే, నా ఓణీకి గట్టిగా తుడుచుకున్నాను.

సోమవారం సాయంత్రం దేవసహాయం గారి భార్య రత్నమ్మ గారింటికి అల్లిక నేర్చుకోవడానికి వెళ్లాను. ఆవిడ మాకు సండే స్కూల్ టీచరు. "నిన్న మీ ముగ్గురూ కనపడలేదేమ్మా?" అని దారం చుడుతూ అడిగారు. జ్వరం అన్న మాట నాలిక చివర ఉంది. అది అనకుండా మొత్తం చెప్పాను. భట్టిప్రోలు, దిబ్బ, నుదురు నేలకి ఆనించడం, పెట్టెలో చిన్న బుద్ధుడి బొమ్మ ఉందని, రోజూ పొద్దున్న దానికి పూలు పెడుతుందని. అడగనివి కూడా చెప్పాను. రత్నమ్మ గారు దారం చుట్టడం ఆపలేదు. "నువ్వు మంచి పిల్లవి," అన్నారు.

ఆ గురువారం దేవసహాయం గారు ఇద్దరు పెద్దలతో మా వరండాకి వచ్చారు. పక్కింటి నించి కుర్చీలు తెచ్చాం. అమ్మ కాఫీలిచ్చింది. నాన్న గోడకి ఆనుకుని నుంచున్నాడు. మా ఖిన్ మాత్రం అడగకుండానే మెట్టు మీద కూర్చుంది.

"భట్టిప్రోలు వెళ్లావటగా అమ్మా?" అన్నాడు దేవసహాయం గారు.

"వెళ్లాను."

"మాకు జ్వరమని చెప్పారు."

"అది యేసుపాదం చెప్పాడు. నాకు జ్వరం లేదు."

నాన్న తల దించుకున్నాడు. పెద్దల్లో ఒకాయన దగ్గాడు. దేవసహాయం గారు చిరునవ్వు చెదరకుండా అన్నాడు. "సంఘం నీ కోసం ఇంత చేస్తోంది. వచ్చే నెల బాప్తిస్మాలున్నాయి. నువ్వూ, అమ్మాయీ తీసుకుంటారని అందరం అనుకుంటున్నాం."

"నువ్వు కోర్టుకి ఇస్తానన్నావు. ఈ మాట అప్పుడు చెప్పలేదు."

"బలవంతం ఏం లేదమ్మా. నీ ఇష్టం. కానీ చందా ఇచ్చినవాళ్లకి నేను జవాబు చెప్పుకోవాలి కదా."

"ప్రతి నెలా వాళ్ల ముందు నుంచున్నా. నా బిడ్డని నుంచోబెట్టా. అదే జవాబు." తర్వాత నెమ్మదిగా అంది. "నా మొగుడు పోయినప్పుడు రేపల్లెలో బొట్టు చెరపాలన్నారు. మాకు బొట్టు లేదు. అప్పుడు నాకు బొట్టు పెట్టి, చెరిపారు. ఇప్పుడు నువ్వు నీళ్లు పోస్తానంటున్నావు. నాది నాకు ఉండనీ. కోర్టుకి మాత్రం సాయం చెయ్యి."

దేవసహాయం గారు కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టాడు. "ఆలోచించుకో అమ్మా. మేమూ ఆలోచిస్తాం," అన్నాడు. వెళ్లేటప్పుడు నాన్న భుజం తట్టాడు. ఇదంతా ఆయనకి ఎవరు చెప్పారని మా ఇంట్లో ఎవరూ పైకి అడగలేదు. వంటపాకలో అమ్మ ఒకసారి నా వంక చూసింది. నేను చదువుకుంటున్నట్టు పుస్తకంలోకి చూశాను.

తర్వాతి వాయిదాకి పదిహేను రోజులుంది. ఇవ్వను అని దేవసహాయం గారు ఎక్కడా అనలేదు. అని ఉంటే ప్లీడరు గారు ఇంకేదన్నా దారి చూసేవారు. ఆయన డబ్బు పంపలేదు, పంపలేదని చెప్పనూ లేదు. నాన్న ఆ పదిహేను రోజుల్లో రెండు ఆదివారాలు గుడిలో ఆయన పక్కనే నుంచున్నాడు. పంపారా అండీ అని ఒక్క మాట అడగలేదు. పెద్దమనిషిని అలా అడగడం మర్యాద కాదని. ఆ మర్యాదని నేను ఇంతవరకూ క్షమించలేదు. హైదరాబాదు వకీలు ఆ రోజు కోర్టుకి వెళ్లలేదు. అడిగేవాడు లేక స్టే పోయింది. ఆ సంగతి ఉత్తరంలో వచ్చేసరికి అంతా అయిపోయింది. ఉత్తరం చదివి నాన్న మొట్టమొదటిసారి, ఎవరూ పెద్దవాళ్లు లేకుండానే, గోడకి ఆనుకుని నుంచున్నాడు.

పోలీసులు ఒక బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి వచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్లు, తోడుగా ఒక ముసలి ఆయా. వాళ్లు దురుసుగా లేరు. "మద్రాసు బండికి టైముందమ్మా, అన్నం తినే బయల్దేరండి," అన్నాడు పెద్ద కానిస్టేబులు. మద్రాసు తీసుకెళ్లి అక్కణ్ణించి పంపించేస్తారు. ప్లీడరు గారు నడిపిన కేసు నెగ్గి నీలకి కాగితం అప్పటికే వచ్చేసింది, ఆమె ఈ దేశపు పిల్లే. వెళ్లాలంటే తల్లితో వెళ్లచ్చు, ఉండాలంటే ఉండచ్చు. మా ఖిన్ కూతుర్ని పెరట్లోకి తీసుకెళ్లి వాళ్ల భాషలో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు తెలీదు. నీల మొదట గట్టిగా, తర్వాత చిన్నగా ఏదో అంటూనే ఉంది. తిరిగొచ్చి మా ఖిన్ అమ్మ ముందు నుంచుంది.

"అక్కా, అక్కడ నాకు ఇల్లు లేదు. మా అన్న ఉన్నాడో లేడో తెలీదు. దీన్ని నీ దగ్గర పెడతాను."

పదకొండు నెలలు ఆమెని సాధించిన మా అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉండనీ," అంది.

"తల దువ్వితే ఏడుస్తుంది. ఒకటి వెయ్యి, పర్లేదు."

"నేనెందుకు వేస్తాను," అంది అమ్మ, ఎప్పటి విసుగుతోనే. అలా అంటూ మా ఖిన్ చెయ్యి పట్టుకుంది. అమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోవడం నేను చూడలేదు. వీధిలో అన్ని గుమ్మాల్లోనూ జనం. ఎవరూ స్టేషనుకి రాలేదు. మా ఖిన్ నన్ను దాటుకుని వెళ్తూ నా చెంప మీద చెయ్యి వేసి, "ఎండలో తిరక్కు," అంది. తర్వాత రంగూన్ నించి రెండు ఉత్తరాలొచ్చాయి. మూడోది రాలేదు. నాన్న రాసినవన్నీ తిరిగొచ్చాయి.

ఆ తర్వాతి నుంచునే ఆదివారం దేవసహాయం గారు ప్రార్థనలో, ఒక పరదేశి పిల్లని మన నిధి ద్వారా కాపాడినందుకు దేవుడికి స్తోత్రం చెప్పాడు. చెప్పి, "అమ్మాయి ముందుకు రావాలి," అన్నాడు. నీల లేవబోయింది. అమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి, తను లేచింది. "ఈ పిల్ల ఇంక నుంచోదండి. కావాలంటే నన్ను చూసుకోండి," అంది. గుడంతా వినపడింది. నీల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. వెనకాల నేను. నాన్న రాలేదు. చందా పళ్లెం ఆయన చేతిలో ఉంది. ఆ రోజు నించి అమ్మ ఆ గుడి మెట్టెక్కలేదు, చచ్చిపోయేదాకా. నాన్న ఒక్కడే గంజి పెట్టిన చొక్కా వేసుకుని వెళ్లొచ్చేవాడు. అమ్మే ఇస్త్రీ చేసిచ్చేది. దాని గురించి వాళ్లిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇప్పుడు నయం అంటారు నా ముందు. ఇప్పుడు రసీదులిస్తారు, బాప్తిస్మం అడగరు, వకీళ్లే ఊరికే వస్తారు. నేను కాదనను. ఆ చిన్న పాస్టరు లాంటివాళ్లు నలుగురుంటే ఆ బుధవారం మా ఇంటికి పోలీసులు వచ్చేవాళ్లు కాదు. కానీ నా ఫోనుకి కూడా అప్పుడప్పుడు వస్తాయి, ఫలానా కుటుంబాన్ని దేశం దాటిస్తున్నారు, సాయం చెయ్యండి అని. తల్లి, పిల్లలు, వరసగా నుంచోబెట్టి తీసిన ఫోటో. ఏడుస్తున్న పిల్ల ఉంటే ఆ ఫోటో పైన. అప్పుడు నూటేభై మంది ముందు పదకొండు నిమిషాలు. ఇప్పుడు ఎంతమంది ముందో, ఎన్నాళ్లో. నేను డబ్బు పంపుతాను, ఫోటో తెరవకుండా. ఇచ్చేవాడికి ఏదో ఒకటి కనపడాలి, లేకపోతే చెయ్యి కదలదు. మనం మారలేదు, మన పళ్లెం మారింది. ఈ మాట రాస్తే సావనీరులో వేస్తారా.

సంఘం వాళ్లు వచ్చివెళ్లిన వారానికి నేను బాపట్ల వెళ్లాను. నీల అక్కడ కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా ఇంట్లో ఆరేళ్లుంది, నా పక్కనే పడుకుంది, నా పుస్తకాలే చదివింది, అమ్మ పోయినప్పుడు నాకన్నా ముందు వచ్చి కూర్చుంది. తర్వాత పెళ్లిళ్లలో, చావుల్లో కలిసేవాళ్లం. బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్లం. నేను వెళ్లేసరికి చినుకులు మొదలయ్యాయి, ఆమె డాబా మీద బట్టలు తీస్తోంది. నేనూ ఒక చెయ్యి వేశాను. వరండాలో నుంచుని దుప్పటి రెండు కొసలు ఆమె, రెండు కొసలు నేను పట్టుకుని మడత పెడుతుండగా చెప్పేశాను. ఇన్నేళ్లూ ఎలా చెప్పాలా అని తయారుచేసుకున్న వాక్యాలేవీ రాలేదు.

"రత్నమ్మ గారికి భట్టిప్రోలు సంగతి చెప్పింది నేనే, నీలా."

ఆమె దుప్పటి కొసలు తెచ్చి నా కొసలకి కలిపింది. "తెలుసు," అంది. "మా అమ్మని తీసుకెళ్లిన రోజే మీ అమ్మ చెప్పింది. రత్నమ్మ గారు తనకి చెప్పారట. నా ఇంట్లో ఉండబోయేముందు ఇది నీకు తెలియాలి అంది."

దుప్పటి నా చేతుల్లోంచి తను తీసుకుంది.

"తెలిసీ ఆరేళ్లు నా మంచం మీదే పడుకున్నావా? ఒక్క మాట అనకుండా?"

"ఇంకెక్కడ పడుకోను?" అంది నీల. అది నిజంగానే అడిగిందనుకుంటాను. జవాబు కోసం చాలాసేపు నా మొహంలోకి చూసింది.